పరీక్షకు పంపని నీళ్ళు

మన్ననూరు చెక్‌పోస్టు కాడ
నడిచి పోతనంటే నవ్విండు పిల్లగాడు:
"సార్, అందరూ జీపెక్కుతరు."
నా మోకాళ్ళ దిక్కు చూడలే, నయం.
చూస్తే చీటీ రాయకపోవు.

నాది మర్రిగూడ దిక్కు.
మా బోరు నీళ్ళు మనిషిని పెంచవు,
లోపల్నించి ముడేస్తయి.
ముప్ఫై ఏండ్లకే మెడ తిప్పాల్నంటే
మొత్తం మనిషే తిరగాలె.
ఇరవై రెండేండ్ల సంది నల్లగొండ ల్యాబుల
ఊరూరి నీళ్ళకు నంబర్లేసే కొలువు.
ఎవరన్నా నవ్వితే పండ్లు చూసి
ఎన్ని పీపీఎంల ఊరో చెప్పగలను.

తోవ చూపెట్ట వచ్చింది మండ్లి ఈదమ్మ,
పులి జాడ తీసే కూలి.
ఫారెస్టోళ్ళ ఖాకీ చొక్కా, మోచేతుల దాక మడిచి.
కాళ్ళకు రబ్బరు చెప్పులు.
"మెల్లగ అడుగెయ్యి సారూ,
నీ బూట్ల సప్పుడుకు ఎలుగు లేస్తే
నేనురకను, నువ్వురకలేవు."

వానలు వెనుకబట్టిన భాద్రపదం.
నల్లమద్ది మానుకు మొసలి తోలు.
తునికాకుల కింద మట్టి ఇంకా మెత్తగ,
ఎవరు నడిచినా రాసిపెట్టుకునేంత మెత్తగ.
ఆమె వంగి చదువుకుంట పోయింది:
ఇది కణుజు. ఇది దాని పిల్ల.
ఇక్కడ ముళ్ళపంది ఒక ముల్లు బాకీపడ్డది.
ఈ మాను మీది గీతలు ఎలుగువి, తేనెకెక్కింది.
"నిరుడు మా ఇంటాయన గూడ గీ చెట్టే ఎక్కిండు.
ఎలుగు మంచిగ దిగింది."

గంతే అని ముందుకు నడిచింది.
దాని తర్వాత ఏమడగాల్నో
నాకు తెలవలే.

చాలాసేపటికి పైన కొండముచ్చు దగ్గింది.
అది దగ్గు గాదు, కబురు.
బెట్టుడుత కొమ్మకు అతుక్కపోయింది,
అడివంతా ఒక్కసారి మెడ తిప్పింది
నేను తప్ప.
ఈదమ్మ అరచెయ్యి గాలిల ఆగింది.
నేను ఒంటికాలి మీద,
ఒక్కొక్క కీలును పేరు పెట్టి తిట్టుకుంట.

పులి రాలే.
వాసన వచ్చింది,
కొత్తబియ్యం ఉడుకుతున్నట్టు.
"ఈడ ఎవరు వండుతున్నరు?" అన్న.
"పెద్దది," అన్నది, పొద దిక్కు గదుమ ఎత్తి,
"ఈ జాగ నాదని రాసిపోయింది."

బండ సందుల ఊట. దాని ఒడ్డుకు అడుగు.
నా చెయ్యి పరిస్తే నిండనంత అడుగు.
అందులకు ఇంకా నీళ్ళు ఊరుతున్నయి,
పోయి ఎంతోసేపు కాలే.
నాకు భయం కావాల్సిన చోట
చెయ్యి అలవాటుగ సంచిలకు పోయింది,
శాంపిల్ సీసా తీసింది.

"ఏం జేస్తవు?"
"పరీక్ష."
"దేనికి?"
"తాగొచ్చా లేదా అని."
ఆమె నా మొకం చూసింది, అడుగు చూసింది.
"అది తాగిపోయింది గద."

పక్కకే వేళ్ళతోని చెలిమె తోడింది.
మొదటి నీళ్ళు బురద, పారబోసింది.
రెండోసారి మోదుగాకు దొప్పలకు ముంచి ఇచ్చింది.
తాగిన.
రుచి లేదు.
నీళ్ళకు రుచి ఉండొద్దని
నాకు ఈ వయసుల తెలిసింది.

ఈ ఊట లోయలు దిగి కృష్ణల కలుస్తది.
కృష్ణ పైపులకెక్కి ఎప్పటికో మా ఊరికొస్తది.
నా కొడుకు పండ్లు తెల్లగుంటయి.
వాడు వెనుకకు తిరిగి నవ్వగలడు, ఉత్త మెడతోని.
ఆ నీళ్ళు మాకంటె ముందు ఎవరెవరు తాగిండ్రో
నా రిజిస్టరుల ఆ గడి లేదు.

చెక్‌పోస్టు కాడ ప్లాస్టిక్ లెక్క చూసుకున్నడు పిల్లగాడు.
"సీసా ఖాళీగనే తెచ్చినవా సార్?"
ఈదమ్మ రోజుకూలి పుస్తకంల వేలుముద్ర ఏసి
నాకు చెప్పకుండనే పోయింది.

అచ్చంపేట దాటినంక మోకాళ్ళు అందుకున్నయి.
బస్సుల సీటుకడ్డం కాళ్ళు చాపిన, ఎవరో కసిరిండ్రు.
కిటికీకి తల ఆనిస్తే ఒకటే మాట,
దిండి కాడ, దేవరకొండ కాడ,
మళ్ళ మళ్ళ:
ఎలుగు మంచిగ దిగింది.